ఒళ్లు తుడవడం కూడా నర్సు పనేనా?

"అక్కా, బ్రిటన్ వచ్చి మూడు వారాలైంది. బీఎస్సీ నర్సింగ్ చదివి పేషెంట్లకు ఒళ్లు తుడుస్తున్నాను, అన్నం తినిపిస్తున్నాను. ఇది నా పనేనా?" అని ఒక చెల్లెలు అడిగింది.

నీ పనేనమ్మా. మన ఊళ్లో పేషెంటు భార్యో, కూతురో మంచం పక్కనే ఉండి ఇవన్నీ చూసుకుంటారు. ఇక్కడ విజిటింగ్ టైం అయిపోతే ఇంటివాళ్లు వెళ్లిపోతారు. హెల్త్‌కేర్ అసిస్టెంట్లు చేస్తారు కానీ బాధ్యత నీదే.

పేషెంటు ఎలా ఉన్నాడో బాగా తెలిసేది కూడా ఒళ్లు తుడిచేటప్పుడే. మడమలు, నడుము కింద, తుంటి ఎముకల దగ్గర తప్పకుండా చూడు. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే ఒకేవైపు పడుకుని ఉండడం వల్ల వచ్చే ఒత్తిడి పుండు (బెడ్ సోర్) మొదలైనట్టే. మనలాంటి ఛాయ వాళ్లలో ఆ ఎరుపు సరిగా కనిపించదు. తడిమి చూడాలి, పక్క చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది.

ముట్టుకునే ముందు నీ పేరు చెప్పు, ఏం చేయబోతున్నావో చెప్పి సరేనా అని అడుగు, కర్టెన్ లాగు. కేట్ గ్రేంజర్ అనే డాక్టరు తనే క్యాన్సర్ పేషెంటుగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, దగ్గరికి వచ్చేవాళ్లు పేరైనా చెప్పడం లేదని బాధపడి 2013లో 'హలో, మై నేమ్ ఈజ్' ఉద్యమం మొదలుపెట్టారు.

ఇక ఊపిరి లెక్క. వచ్చిన కొత్తలో పని తొందరలో ఒక పెద్దావిడకు లెక్కపెట్టకుండానే 18 అని రాసేశాను. సీనియర్ నర్సు వచ్చి నిమిషం పాటు నిలబడి లెక్కపెడితే 26. ఊపిరి, బీపీ, పల్స్ లాంటివాటికి మార్కులు వేసి పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో చెప్పే న్యూస్2 చార్టులో, ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉంటే సున్నా, 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3. ఆవిడకు న్యుమోనియా అని తేలింది. ఆ 18 ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. యంత్రం బీపీ, పల్స్ చూపిస్తుంది, ఊపిరి మాత్రం నువ్వే పూర్తి నిమిషం లెక్కపెట్టు.

పొద్దున చక్కగా మాట్లాడిన తాతగారు సాయంత్రానికి ఎక్కడున్నారో చెప్పలేకపోతే వయసు అనుకుని వదిలేయకు. కొత్తగా వచ్చిన తికమకకూ ఆ చార్టులో 3 పడుతుంది.

చార్టులో మార్కులు మొత్తం 5 వస్తే డాక్టరును త్వరగా పిలవాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఎమర్జెన్సీ. రాత్రి రెండింటికి లేపితే తిడతారేమోనని టెన్షన్ వద్దు. పేషెంటు ఎవరు, ఇప్పుడేమైంది, ఇంతకుముందు ఏం జబ్బు, నువ్వు ఏం గమనించావు, డాక్టరు ఏం చేయాలి, ఈ వరసలో చెప్పు. ఫోన్ చేసిన టైం, డాక్టరు చెప్పిన మాట వెంటనే నోట్స్‌లో రాసుకో.