జనవరికి పన్నెండు మంది కావాలన్న మేనకోడలికి

స్టుట్‌గార్ట్,
2025 సెప్టెంబర్ 14

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ నిన్న రాత్రి చూశాను. ఫోన్లో తెమిలే మాటలు కావని కూర్చుని రాస్తున్నాను. హైదరాబాద్ ఆఫీసు వాళ్ళు ఇక్కడ ఇంజనీరింగ్ సెంటర్ పెట్టే పని నీ చేతిలో పెట్టారంటే నాకు చాలా గర్వంగా ఉంది. కానీ నీ ప్లాన్ చదివాక టెన్షన్ కూడా పట్టుకుంది. "జర్మనీలో నిరుద్యోగులు 30 లక్షలు దాటారట మామయ్యా, అక్టోబర్‌లో ఇంటర్వ్యూలు చేస్తే జనవరికల్లా 12 మంది చేరిపోతారు" అని రాశావు. ఆ 30 లక్షలు నిజమే. మొన్న ఆగస్టులో దాటారు, 2015 తర్వాత మళ్ళీ ఇప్పుడే. 2023, 2024 రెండేళ్ళూ ఇక్కడి జీడీపీ తగ్గింది కూడా. అయినా నీకు కావలసిన 12 మందికీ ఆ లెక్కకూ పొంతన లేదు.

అసలు ఆ లెక్క ఎలా కడతారో చూడు. న్యూరెంబర్గ్‌లో ఉన్న కేంద్ర ఉపాధి సంస్థ దగ్గర పేరు రాయించుకున్న మనిషి, వారానికి 15 గంటల లోపు ఏదో పని చేసుకుంటున్నా నిరుద్యోగి కిందే లెక్క. యూరోపియన్ యూనియన్ గణాంకాల్లో అయితే వారంలో ఒక్క గంట జీతానికి పనిచేసినా ఉద్యోగి. అందుకే ఒకే దేశానికి ఒకచోట ఆరు శాతం పైన, ఇంకోచోట నాలుగు శాతం లోపు కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు, కొలిచే కొలతలే వేరు. నీకు పనికొచ్చేది ఈ రెండూ కాదు. ఏ వృత్తిలో మనుషులు దొరకడం లేదో అదే ఉపాధి సంస్థ ఏటా విడిగా లెక్క తీస్తుంది. ఏ పనికి ఏ ప్రాంతంలో నడిమి జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) ఎంతో చూపించే వెబ్‌సైట్ కూడా వాళ్ళదే ఉంది, పైసా ఖర్చు లేదు. నీ 12 పోస్టులకూ అవి రెండూ చూసి ఒక పట్టిక రాసుకో.

ఇక్కడ మనుషుల్ని తీసుకునే పనిలో పాతికేళ్ళు గడిపాను. నాకు అర్థమైంది ఒకటే. ఒకరిని పిలిచే ముందు, ఆ మనిషి ఉన్న చోటు నుంచి కదలాలంటే ఏమేం వదులుకోవాలో తెలుసుకోవాలి. మన దగ్గర జీతం పెంచితే కదులుతారు. ఇక్కడ జీతం ఆ లెక్కలో ఒక భాగమే.

మొదట నోటీసు సంగతి. నేను చేరిన కొత్తలో ఒక గేర్‌బాక్స్ డిజైనర్‌ని ఎంచుకున్నాం. సరేనన్నాడు. మా దగ్గర కాగితాలు మేనేజర్ల టేబుళ్ళ మీద తిరిగి తిరిగి, అతని చేతికి ఆఫర్ అక్టోబర్ 5న అందింది. ఆ రోజే అతను రాజీనామా ఇచ్చాడు. అతని కాంట్రాక్టులో "మూడు నెలల నోటీసు, త్రైమాసికం చివరికి" అని ఉంది. అక్టోబర్ 5 నుంచి మూడు నెలలంటే జనవరి 5. ఆ త్రైమాసికం ముగిసేది మార్చి 31న. మా దగ్గర చేరింది ఏప్రిల్ 1న. సెప్టెంబర్ 30న ఇచ్చి ఉంటే జనవరి 1కే వచ్చేవాడు. ఐదు రోజుల బద్ధకానికి మూడు నెలలు పోయాయి, ఆ ప్రాజెక్టు కూడా చేజారింది. చట్టంలో ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు నాలుగు వారాలే, కానీ సీనియర్ల కాంట్రాక్టుల్లో ఇంతకన్నా పొడుగ్గా రాసుకుంటారు. ఇంకో మాట, రాజీనామా కాగితం మీద సిరా సంతకంతోనే చెల్లుతుంది. మెయిల్ పంపి నోటీసు ఇచ్చేశామనుకునే కుర్రాళ్ళు మనవాళ్ళలో ఉన్నారు, ముందే చెప్పు.

తర్వాత పని గంటలు. ఈ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో, యూనియన్ ఒప్పందం కింద ఉన్నవాళ్ళకు వారానికి 35 గంటలే. పశ్చిమ జర్మనీ లోహ పరిశ్రమలో 1995 నుంచి ఇదే పద్ధతి. మీ ఆఫర్ లెటర్లో 40 గంటలని ఉంది. అంటే నెల జీతం 14 శాతం పెంచితే గానీ గంటకు పాత జీతమైనా రాదు. పది శాతం పెంచుతున్నామని మీవాళ్ళు సంతోషపడుతున్నారు, అవతలి మనిషికి అది కోత. పైగా ఊరు మారమంటే ఇల్లు మారాలి. ఇక్కడ సగం మందికి పైగా అద్దె ఇళ్ళలోనే ఉంటారు. పదేళ్ళ కిందటి అద్దెకు, ఇవాళ కొత్తగా తీసుకునే ఇంటి అద్దెకు చాలా తేడా. మంచి జీతం వద్దన్న మనిషిని ఒకసారి అడిగితే, ఆయన కాగితం తీసుకుని రెండు అద్దెలూ పక్కపక్కన రాసి చూపించాడు. పన్ను పోగా పెరిగే జీతమంతా ఇంటికే పోతోంది. అప్పటి నుంచి జీతం చెప్పే ముందు ఎక్కడ ఉంటున్నారని అడగడం అలవాటు చేసుకున్నాను.

నీ ప్రకటనలో "బీటెక్ లేదా సమానమైన డిగ్రీ తప్పనిసరి" అని చూశాను. దయచేసి ఆ మాట తీసెయ్. ఇక్కడ చాలామంది పిల్లలు స్కూలయ్యాక అటు కంపెనీలో పని, ఇటు వృత్తి పాఠశాలలో చదువు కలిపి మూడేళ్ళు, మూడున్నరేళ్ళు నేర్చుకుంటారు. ఆ పైన మైస్టర్ పరీక్ష, అంటే ఆ వృత్తిలో ఆరితేరినవాళ్ళకు పెట్టే పై పరీక్ష, పాసైన మనిషిని, అర్హతల జాతీయ పట్టికలో బ్యాచిలర్ డిగ్రీతో సమానంగా ఆరో మెట్టు మీదే కూర్చోబెట్టారు. మన ఐటీఐతో పోల్చి తక్కువ చూపు చూడకు. నీ టెస్ట్ బెంచ్ నడిపేది వాళ్ళే.

వచ్చిన ప్రతివాళ్ళూ పాత కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ తెస్తారు, త్సోయ్‌గ్నిస్ అంటారు. దాన్ని చదవడం నేర్చుకోవాలి. అందులో రాసేది నిజం కావాలి, అదే సమయంలో ఉద్యోగి భవిష్యత్తును చెడగొట్టకూడదు. ఆ రెండింటి మధ్య ఒక గుప్త భాష పుట్టింది. "ఎల్లప్పుడూ మాకు సంపూర్ణ సంతృప్తి కలిగేలా పనిచేశారు" అంటే ఫస్ట్ క్లాస్. అందులో "ఎల్లప్పుడూ", "సంపూర్ణ" రెండూ లేకుండా "మాకు సంతృప్తి కలిగేలా పనిచేశారు" అని ఉంటే బొటాబొటి పాస్. "ఎప్పుడూ ప్రయత్నించారు" అని ఉంటే పని చేతకాలేదని అర్థం. ఈ చివరి మాట చూసి, ఎంత కష్టపడే మనిషో అని నేను ఒకతన్ని తీసుకున్నాను. మూడు నెలలు ఇద్దరం నలిగిపోయాం. తప్పు అతనిది కాదు. అయితే చిన్న కంపెనీ యజమానులు ఈ భాష తెలియక మామూలుగా రాసేస్తారు కూడా. ఒక్క వాక్యం పట్టుకుని ఎవరినీ తోసెయ్యకు, పిలిచి మాట్లాడు.

ఇక ఎవరూ సరిగా చూడని చోటు చెబుతాను. ఇక్కడ ఉద్యోగం చేసే ఆడవాళ్ళలో దాదాపు సగం మంది పార్ట్‌టైమే. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే, ఎక్కువ జీతం వాళ్ళు పన్నులో మూడో తరగతి, తక్కువ జీతం వాళ్ళు ఐదో తరగతి తీసుకోవడం మామూలు. ఆ ఐదో తరగతిలో నెలనెలా పన్ను బాగా కోస్తారు, అందులో ఉండేది ఎక్కువగా భార్యే. ఏడాది చివర రిటర్న్‌లో లెక్క సరిపోయినా, నెల జీతం చూసుకుంటే ఇంకో పది గంటలు ఎందుకు చేయాలనిపిస్తుంది. ఏడాది నిండిన పిల్లలకు శిశు కేంద్రంలో చోటు 2013 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. కానీ చాలాచోట్ల ఆ చోటే దొరకదు. ఇద్దరు పిల్లల తల్లి, మంచి సిమ్యులేషన్ ఇంజనీర్, ఆరు కంపెనీలు 40 గంటలకు తగ్గేది లేదంటే మా దగ్గరికి వచ్చింది. 28 గంటలు, సాయంత్రం మీటింగులు ఉండవు అని రాసిచ్చాం. పదకొండేళ్ళు ఉంది. నీ 12 పోస్టుల్లో కనీసం నాలుగు ఇలా పెట్టు.

వయసు సంగతి కూడా. 1964లో రెండు జర్మనీల్లో కలిపి 13.5 లక్షల మందికి పైగా పుట్టారు. 2011లో పుట్టింది 6.63 లక్షలే. ఆ 1964 వాళ్ళు 2031లో 67 నిండి పెన్షన్‌కు వెళ్తారు. అయినా విడిభాగాల కంపెనీలు ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి 55 దాటినవాళ్ళకు డబ్బిచ్చి పంపేస్తున్నాయి. బ్రేకులు, ట్రాన్స్‌మిషన్లు ముప్పై ఏళ్ళు చేసిన చేతులవి. అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తే వదలకు, నీ కుర్రాళ్ళకు పని నేర్పుతారు.

మనవాళ్ళ సంగతి అడిగావు. ఇక్కడి విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే అందరికన్నా ఎక్కువ, తెలుగు పిల్లలు చాలామంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. తప్పకుండా తీసుకో, కానీ జర్మన్‌లో క్లయింట్‌తో మాట్లాడగలరో లేదో చూసి తీసుకో. అందరినీ మనవాళ్ళతోనే నింపితే రేపు ఇక్కడి సీనియర్ ఎవరూ మీ గడప తొక్కరు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. సెప్టెంబర్ 30కి ఇంకా పదహారు రోజులుంది. నీకు నచ్చిన నలుగురి పేర్లు మెయిల్‌లో ఉన్నాయి కదా, అక్టోబర్ దాకా ఆగకు. రేపే ఫోన్ చేసి నోటీసు ఎంత, నెల చివరికా, త్రైమాసికం చివరికా అని అడుగు. త్రైమాసికం అన్నవాళ్ళ ఇంటర్వ్యూలు ఈ వారంలో పెట్టు, ఆఫర్ 25వ తేదీకల్లా వాళ్ళ చేతికి అందాలి. మీ హైదరాబాద్ సంతకాలకు ఎన్ని రోజులు పడుతుందో కనుక్కుని సాయంత్రం నాకు ఫోన్ చెయ్.

మీ మామయ్య