పూలలో నల్ల పురుగు కనిపిస్తే మందు కొట్టాలా?

ఆవ పంటను పాడుచేసే పుప్పొడి పెంకు పురుగే మీ మేడ మీది మిరప పూలలోకి వచ్చిందా, ఏ మందు కొట్టాలి అని అడిగారు. అది కాదు లెండి. ఆ పురుగు యూరప్ రైతుల తలనొప్పి. రెండు మూడు మిల్లీమీటర్ల నల్లటి ఒళ్లు, మీద పచ్చటి నిగారింపు. మొగ్గ విచ్చకముందే చేలో దిగితే పుప్పొడి కోసం మొగ్గను తొలిచేస్తుంది, ఆ మొగ్గ రాలిపోతుంది. పూత విచ్చాక వస్తే తేరగా దొరికే పుప్పొడి తింటూ కూర్చుంటుంది, నష్టం తక్కువ. దాని చుట్టాల్లో చాలావాటికి కలుపు పూలే చాలు, పంట జోలికే రావు.

మీ మిరపలో ఉన్నది బహుశా నల్ల తామర పురుగు (త్రిప్స్). 2021 చివర్లో గుంటూరు చుట్టుపక్కల చేలను ఊడ్చేసింది ఇదే. ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి చేను విరగపూసింది, కాయ మాత్రం నిలవలేదు. ఒక పువ్వు కోసి అరచేతిలో తట్టి చూపించాడు: సన్నటి నల్ల పురుగులు గిజగిజలాడుతూ వేళ్ల సందుల్లోకి పాకాయి. ఆ పూలనే రుమాలులో మూటకట్టుకుని మందుల షాపుకు వెళ్లాం. షాపాయన మూట విప్పనేలేదు. ఫోను మాట్లాడుతూనే సీసాలు వరసగా పెట్టి ఖాతాలో రాసుకున్నాడు. వాటిలో రెండు పురుగుమందులే కావు, మొక్క ఎదగడానికి కొట్టే టానిక్కులు! కొట్టిన కొద్దీ పురుగు పెరిగింది. సంక్రాంతి దాటాక బాబాయి మొక్కలు పీకించి జొన్న వేశాడు.

గుంటూరు పక్కనే లాం ఫారం ఉంది, మిరప మీద పరిశోధన చేసేవాళ్లున్నారు. అయినా రైతు షాపుకే వెళతాడు, అరువు దొరికేది అక్కడే కదా. నన్నడిగితే ఆ అరువు ఖాతాను మించిన చీడ లేదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే రకం పురుగుమందులు అదే పనిగా కొడితే తామరను తినే మంచి పురుగులు ముందు చస్తాయి. యూరప్‌లో ఆ పుప్పొడి పురుగుకూ ఇవే మందులు కొట్టీ కొట్టీ, 1999 నాటికే ఫ్రాన్సులో అది వాటికి లొంగడం మానేసింది.

మీరు చేయవలసింది చిన్న పని. పువ్వును తెల్ల కాగితం మీద తట్టండి. గుండ్రంగా, గట్టి పెంకుతో ఉంటే వదిలేయండి. సన్నగా, పొడుగ్గా ఉండి చురుగ్గా పాకితే తామర. కుండీల మధ్య నీలిరంగు జిగురు అట్టలు కట్టి, పురుగు పట్టిన పూలను తుంచి సబ్బు నీళ్లలో వేయండి. పైన ‘బయో’ అని తప్ప లోపల ఏముందో రాయని సీసా ఎవరైనా ఊరికే ఇచ్చినా పుచ్చుకోకండి.