అమ్మానాన్నలతో విశాఖ: సోమవారం దిగకండి, అరకు వదిలేయండి

డిసెంబరులో హైదరాబాదు నుంచి పెద్దవాళ్లను తీసుకుని మూడు రోజులు విశాఖపట్నం వెళ్తున్నామనీ, ఏవి తప్పక చూడాలో చెప్పమనీ అడిగారు. మీరే రాసుకున్న జాబితాలో పద్నాలుగు చోట్లున్నాయి. ముందు అందులో పది కొట్టేయండి. ఎందుకో చెబుతాను.

మన దగ్గర సాగరాలకు కొదవ లేదు. హుస్సేన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్, ఇంకాస్త దూరం పోతే నాగార్జునసాగర్. లేనిదల్లా సముద్రమే. మా అమ్మది నల్లగొండ జిల్లా. సాగర్ నిండిందంటే గేట్లు ఎత్తుతారని తెలుసు కానీ, అరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆమె సముద్రం చూడలేదు. నాలుగేళ్ల కిందట నాన్నను, ఆమెను తీసుకుని నేనూ మా ఆవిడా మీలాగే మూడు రోజులకు బయల్దేరాం. చేతిలో మీలాంటి జాబితానే.

ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 1974లో ఆ రైలు మొదలైనప్పుడు విశాఖ స్టేషను పేరు వాల్తేరు. మా నాన్న ఇప్పటికీ వాల్తేరు అనే అంటారు, టికెట్ కౌంటరులో కూడా. పొద్దున్నే దిగి, స్నానాలు, టిఫిన్లు ముగించుకుని, ఎంతో ఉత్సాహంగా ఆర్కే బీచ్‌కు పోతే, అక్కడ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన జలాంతర్గామి గేటుకు తాళం. సోమవారం సెలవట. పద్నాలుగు చోట్ల జాబితా రాసుకున్నవాణ్ని, ఆ ఒక్క ముక్క కనుక్కోలేదు.

ఉసూరుమంటూ నిలబడి ఉంటే ఒక ట్రావెల్స్ మనిషి దొరికాడు. ఒక్కరోజులో పన్నెండు పాయింట్లు చూపిస్తానన్నాడు. ఈ 'పాయింట్లు' అనే మాట పుట్టించిన వాడు కనిపిస్తే నాలుగు చీవాట్లు పెట్టాలని ఉంది. కైలాసగిరి మీద పావుగంట. శివపార్వతుల విగ్రహాల ముందు ఫోటో దిగి, కొండ అంచు నుంచి వంపు తిరిగిన తీరాన్ని చూస్తున్నామో లేదో, కింద నుంచి హారన్. రుషికొండలో ఇరవై నిమిషాలు. ఆ తర్వాత ఒక దుకాణంలో మాత్రం ముప్పావుగంట, ముత్యాలు కొనమని. పత్తర్‌గట్టీ ఉన్న ఊరి నుంచి వచ్చినవాళ్లకు ముత్యాలు అమ్మజూపిన ఘనుడు అతనొక్కడే. మా ఆవిడ ఆ దండను పళ్లకు రాసి చూసి మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేసింది. సాయంత్రానికి అమ్మ మోకాళ్లు వాచాయి. ఏం చూశావమ్మా అంటే, "కారు సీటు" అంది.

మర్నాడు కారు మాన్పించేశాను. తెల్లవారకముందే బీచ్ రోడ్డుకు నడిచి వెళ్లి గట్టు మీద కూర్చున్నాం. విశాఖలో మనకంటే దాదాపు ఇరవై నిమిషాల ముందే తెల్లవారుతుంది. అంతకు ముందురోజు కారు కిటికీలో కనబడిన సముద్రం వేరు, ఇది వేరు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఈ చప్పుడు రాత్రుళ్లు కూడా ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "మరి ఇక్కడివాళ్లు ఎట్లా పడుకుంటారు?" అంది. చెరువు చూసిన కళ్లకు సముద్రం పెద్దదిగా కనిపించడంలో వింతేమీ లేదు, అది ఊరుకోకపోవడమే వింత. ఇంత వయసొచ్చినా నాకు ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు.

అన్నట్టు, అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సముద్రంలోకి దిగడు. ఇది తూర్పు తీరం. ముందురోజు సాయంత్రం కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒక జంట నీళ్ల వైపు ఫోను స్టాండు మీద పెట్టుకుని సూర్యాస్తమయం కోసం ఓపిగ్గా కూర్చున్నారు. పాపం, వాళ్ల వెనక కొండల చాటున అది అప్పటికే అయిపోయింది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గుంకుతుంది, మీ లెక్కలు అందుకు తగ్గట్టు వేసుకోండి. ఇంకోటి, ఆర్కే బీచ్‌లో కాళ్లు తడుపుకోండి, అంతే. అక్కడ లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, నీళ్లు లోపలికి లాగుతాయి. ఏటా ప్రాణాలు పోతున్నా 'మాకు ఈత వచ్చు' అనేవాళ్లు తగ్గడం లేదు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత అది.

ఇక మంగళవారం మధ్యాహ్నం జలాంతర్గామి. మీ జాబితాలో ఇంకేమీ చూడకపోయినా దీన్ని చూడండి. ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధ కాలంలో గస్తీ తిరిగింది. 2001లో విశ్రాంతినిచ్చి, ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఇంత పెద్దదా అనిపిస్తుంది. లోపలికి అడుగుపెడితే ఇందులో మనుషులు బతికారా అనిపిస్తుంది. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతలే ద్వారాలు. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. అమ్మ వల్ల కాదని నేను ఆగబోయాను. ఆమె కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నాకంటే ముందు దూరింది.

గైడుగా ఉన్నాయన నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. 22 టార్పెడోల సంగతి, పెరిస్కోపు సంగతి గడగడా చెప్పుకుపోతున్నాడు. వంటగది దగ్గరకొచ్చేసరికి అమ్మ ఆగిపోయింది. అది మన ఇళ్లలో దేవుడి గదంత ఉంటుందేమో. ఎంతమందికి వండేవారని అడిగింది. డెబ్బై మందికి పైగా అన్నాడాయన. "ఇంత చిన్న పొయ్యి మీదా? మరి పోపు పెడితే ఘాటు ఎటు పోయేది నాయనా?"

వెనక క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. అక్కడే ఆగి వివరంగా చెప్పాడు. నీళ్ల కింద ఉన్నంతసేపు ఇది బ్యాటరీల మీద నడుస్తుంది, బ్యాటరీలు నింపుకోవాలంటే డీజిల్ ఇంజన్లు తిప్పాలి, ఇంజన్లకు గాలి కావాలి కాబట్టి పైకి రావాలి, అప్పుడే లోపలికి కొత్త గాలి వచ్చేది. అందాకా పోపు ఘాటైనా, చెమట వాసనైనా, డీజిల్ కంపైనా అందరూ కలిసి పీల్చుకోవడమే. స్నానానికి నీళ్లుండేవి కావు. ఒకరు లేచిన పడకలోనే ఇంకొకరు పడుకునేవారు. ఇన్నేళ్లలో తనను పోపు గురించి అడిగినవాళ్లు లేరన్నాడు. దిగేటప్పుడు అమ్మకు చెయ్యి అందించింది నేను కాదు, ఆయనే. ఆమె ఇప్పటికీ చుట్టాలతో విశాఖ గురించి చెప్పమంటే ముందు ఆ వంటగది సంగతే చెబుతుంది.

ఎదురుగా యుద్ధ విమానం టీయూ-142 మ్యూజియం ఉంది, ఓపిక ఉంటే చూడండి. పక్కనే 1971 విజయ స్మారకం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ ఏడాది డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగింది ఈ విశాఖ తీరానికి దగ్గర్లోనే. ఆ స్మారకం ముందు మా నాన్న నిలబడినంతసేపు గుళ్లో కూడా నిలబడరు.

అరకు సంగతి. వెళ్లి వచ్చినవాళ్లు నన్ను తిట్టుకుంటారని తెలుసు, అయినా చెబుతాను. ఒకవైపే వంద కిలోమీటర్లు దాటుతుంది, అందులో చాలా భాగం ఘాట్ రోడ్డు. పొద్దున పోయి రాత్రికి రావడం మోకాళ్ల నొప్పులవాళ్లకు శిక్ష. రైల్లో పోతే సొరంగాలు అందంగా ఉంటాయి నిజమే, కానీ బొర్రా గుహల్లో మెట్లు మెట్లే కదా. రెండు రోజులు అక్కడే ఉండేటట్టయితే వెళ్లండి, లేకపోతే వద్దు. బొర్రా గుహల్లోంచి వచ్చే గోస్తనీ నదిని కొండెక్కకుండానే చూడొచ్చు. తాటిపూడి జలాశయంలో ఆగి, విశాఖకు తాగునీరిచ్చి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలిసేది ఆ నదే.

మా మూడో రోజు భీమిలికే ఇచ్చాం. ఎడమన కొండలు, కుడిన సముద్రం, మధ్యలో రోడ్డు. దారిలో తొట్లకొండ ఎక్కాం, పైదాకా కారు పోతుంది. బౌద్ధ భిక్షువులు వాన నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. నాగార్జునకొండ చూసి ఉన్న అమ్మకు స్తూపం కొత్త కాదు. తొట్లు చూసి మాత్రం, "మన పశువుల కుడితి తొట్లు ఇట్లాగే ఉండేవి" అని నాన్నతో అంది. ఆ మాట మీద ఇద్దరూ వాళ్ల పెళ్లయిన ఏటి గేదె గురించి అరగంట వాదించుకున్నారు, బంగాళాఖాతానికి వీపు పెట్టి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి, నది ముఖం దగ్గర వలలు బాగుచేస్తున్నవాళ్ల పక్కన కూర్చుని, బీచ్‌లో పొట్లం కట్టించుకున్న మురీ మిక్చర్ తిన్నాం. మనవాళ్లు అక్కడ కూడా బిర్యానీ కోసం వెతికి, మన దానిలా లేదని పేచీ పెడతారు. చేపల పులుసు తినండి మహాప్రభో.

సింహాచలం ఎలాగూ వెళ్తారు. స్వామిని ఏడాదంతా చందనపు పూతలోనే చూస్తాం, నిజరూపం వైశాఖంలో ఒక్క రోజే. కాబట్టి ఫలానా రోజే వెళ్లాలని హడావిడి పడకండి, రద్దీ లేని పొద్దున్న చూసుకోండి. తిరుగు ప్రయాణానికి మాడుగుల హల్వా కొనుక్కోండి. రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు, ఇద్దరికీ కింది బెర్తులు పట్టండి. బయల్దేరేది మాత్రం ఆదివారం కాకూడదు.