బస్సుకు ఎన్ని చప్పట్లు?

మాటా మాత్రా: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి నుంచి ఒక రిటైరైన తెలుగు టీచరు జవాబులు

ప్రశ్న: టీచరు గారూ, నమస్కారం. మా పాప ఒకటో తరగతి, ఇంగ్లిష్ మీడియం. బొమ్మ చూసి, పేరు చెబుతూ చప్పట్లు కొట్టి, ఎన్ని సిలబుల్స్ ఉన్నాయో రాయమని ఇంటిపని ఇచ్చారు. పాప బస్సు బొమ్మ కింద 2, బడి బొమ్మ కింద 3 వేసింది. నేనూ కొట్టి చూశాను, నాకూ అంతే వచ్చాయి. మర్నాడు రెండింటి మీదా ఎర్ర ఇంకు. రెండింటికీ జవాబు ఒకటేనట, అంటే 1 అట! నాకే అర్థం కానిది పాపకు ఎలా చెప్పను?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ పాప లెక్క తప్పలేదు. అడిగిన మాట ఒకటి, ఆ పిల్ల చెవిలో ఉన్న మాట ఇంకొకటి. మీ ఇంట్లో ‘బస్సు’ అంటారు, ‘ఇస్కూలు’ అంటారు. బ-స్సు రెండు, ఇ-స్కూ-లు మూడు. పాప విన్నది విన్నట్టు కొట్టింది. ఆ ఎర్ర ఇంకు చూస్తే నాకు కొంచెం కోపమే వచ్చింది. 31 ఏళ్లు ఎర్ర ఇంకు వాడినదాన్ని కాబట్టి అంతకంటే గట్టిగా అనలేను.

సిలబుల్ అంటే భయపడాల్సినదేమీ కాదు. మన ఛందస్సులో అక్షరం అన్నా దాదాపు ఇదే. ఒక అచ్చు పలికితే ఒక దెబ్బ. దాని ముందూ వెనకా ఎన్ని హల్లులు గుమిగూడినా దెబ్బ పెరగదు. ఇంగ్లిష్ వాళ్ల ‘బస్’లో పలికే అచ్చు ఒక్కటే. ‘స్కూల్’లోనూ అంతే, ఆ ‘ఊ’ ఒక్కటే. మన తెలుగు నాలుక హల్లు దగ్గర ఆగడానికి ఇష్టపడదు, చివర ఒక ‘ఉ’ చేరిస్తే గాని దానికి తృప్తి లేదు. బస్సు, కారు, రోడ్డు, బ్యాంకు, కోర్టు అన్నీ అలా వచ్చినవే. ‘స్కూ’తో మాట మొదలుపెట్టాలంటే కష్టమని కొందరి నోట ముందు ఒక ‘ఇ’ కూడా చేరుతుంది. చేరిన ప్రతి అచ్చుకూ ఒక దెబ్బ ఎక్కువ. పాపతో ఈ మాటే చెప్పండి: ‘అమ్మ అన్నట్టు ఒకసారి కొట్టు, మీ మిస్ అన్నట్టు ఒకసారి కొట్టు.’ పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, పుస్తకం మూసేయాలి. ఇంగ్లిష్‌లో కేక్ రాస్తే చివర ఒక అచ్చు కనిపిస్తుంది, వినపడదు. కళ్లతో లెక్కపెడితే రెండు, చెవితో ఒకటి.

మొదలు మాత్రం వంటింట్లో పెట్టండి. ఉప్పు రెండు, ఆవకాయ నాలుగు, కరివేపాకు ఐదు. గడ్డం కింద అరచెయ్యి ఆనించి చెప్పమంటే ‘ఆవకాయ’కు గడ్డం నాలుగుసార్లు చేతికి తగులుతుంది. అయితే ఈ కిటుకు అన్నిచోట్లా పనిచేయదు. ‘తిరుపతి’ అనిపించండి, ఇ, ఉ పలికేటప్పుడు గడ్డం కదిలీ కదలనట్టు ఉంటుంది. అలాంటప్పుడు నోరు మూసుకుని ఆ మాటనే ముక్కుతో పలకమనండి. నాలుగు మూలుగులు స్పష్టంగా వినిపిస్తాయి.

మా పిల్లలకు నేను ఈ పాఠం చెప్పింది తరగతిలో కాదు, అలిపిరి మెట్ల మీద. అక్షరానికి ఒక మెట్టు అని పందెం. గో-విం-దా, మూడు మెట్లు. రెండు జడల పిల్ల ఒకతె ‘ఏడుకొండలవాడా’ అంటూ ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగి అరిచింది: “టీచర్, ఏడే!” ఏ-డు-కొం-డ-ల-వా-డా. నిజమే. పుట్టినప్పటి నుంచి అంటున్న మాట, నేనెప్పుడూ వేళ్లు మడిచి చూడలేదు. ‘వెంకటరమణా’ ఆరు, రెండు గోవిందలు ఆరు. మొత్తం కేకకు 19. లెక్కల పిచ్చి ఉన్న ఒక అబ్బాయి వదులుతాడా? చదును దారి వదిలేసి 3550 మెట్లనూ 19తో భాగించాడు. 186 పూర్తి కేకలు పోగా 16 మెట్లు మిగిలాయి. 187వ కేకలో మొదటి గోవిందతో మెట్లు అయిపోతాయి. “రెండో గోవింద పైకి వెళ్లాక చెప్పుకుందాం” అన్నాడు. ఆ రోజు పాఠం నేను చెప్పానా, వాళ్లు చెప్పారా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

ప్రశ్న: చంపకమాల పద్యంలో పాదానికి 21 అక్షరాలు అంటారు. పాదంలో ‘న్’ వచ్చినప్పుడల్లా నాకు 22 తేలుతున్నాయి. ఇంకో సందేహం: ‘అమ్మ’లో అ హ్రస్వమే కదా, గురువు, అంటే బరువైన అక్షరం, ఎలా అయింది? నియమం బట్టీ పట్టాను, కారణం తెలియదు.
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: నాయనా, నీ రెండు సందేహాలకూ మూలం ఒకటే. నువ్వు కాగితం మీద ఉన్నదాన్ని లెక్కపెడుతున్నావు. ‘వచ్చెన్’ రాస్తే మూడు గుర్తులు కనిపిస్తాయి, పలికితే రెండే దెబ్బలు. న్‌కు అచ్చు లేదు, సొంతంగా నిలబడలేదు. వెళ్లి ‘చ్చె’ ఒడిలో కూర్చుంటుంది. బరువు పెరిగింది కాబట్టి చ్చెన్ గురువు. నీ 22వ అక్షరం అదే, కొట్టేయి.

ఇక అమ్మ. మన లిపి దాన్ని అ, మ్మ అని విడదీసి చూపిస్తుంది. నీ నోరు అలా విడదీయదు. మెల్లగా అని చూడు: అమ్... మ. పెదవులు ఒకసారి మూతపడి, కాసేపు ఆగి, అప్పుడు తెరుచుకుంటాయి. ఒత్తులో సగం వెనక్కి వెళ్లి అకారాన్ని పట్టుకుంది. ఒక మాత్ర, అంటే ఒక హ్రస్వం పలికేంత కాలంలో పలకాల్సిన అ, ఆ మకారాన్ని కూడా మోయడంతో రెండు మాత్రలైంది. మీ ఊరి పేరు కూడా అంతే: రాతలో చి-త్తూ-రు, నోట్లో చిత్-తూ-రు. సంఖ్య మారలేదు, కోత మారింది. సంయుక్తాక్షరానికీ ద్విత్వానికీ ముందున్నది గురువు అని మేము బోర్డు మీద రాయించి బట్టీ పట్టించాం కానీ, పిల్లల చేత ‘అమ్... మ’ అనిపించిన వాళ్లం తక్కువ. తప్పు మాది.

అయితే ఆ నియమం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ‘అది ప్రేమ’లో ‘ది’ లఘువుగానే, అంటే తేలికగానే ఉంటుంది, ‘రామప్రేమ’లో ‘మ’ గురువవుతుంది. ఎందుకంటావా? మొదటిది రెండు మాటలు, మధ్యలో నోటికి విరామం ఉంది. రెండోది సమాసం, ఒకే ఊపిరి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో ఎన్ని అక్షరాలు? ఐదని నేను, మూడని మా అత్తగారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ.
– గృహిణి, తిరుపతి

జవాబు: మీ అత్తగారు ‘కాళాస్తి’ అంటారు కదూ? కా-ళాస్-తి, మూడే. మీరు బోర్డు మీద ఉన్నట్టు పూర్తిగా అంటారు, శ్రీ-కా-ళ-హస్-తి, ఐదు. ‘శ్రీ’ని ముందే వదిలేశారు, హకారం వాడుకలో అరిగిపోయింది, దాని అచ్చు ళకారంలో కలిసిపోయి దీర్ఘమైంది. గుడులు గుళ్ళు అయినప్పుడు కూడా ఒక అచ్చు ఇలాగే జారిపోయింది, ఎవరూ గొడవపడలేదు. ఈసారి బస్టాండుకు వెళ్లినప్పుడు ఇద్దరూ కండక్టరు కేక వినండి. నేను విన్నంతవరకు ఆయన మీ అత్తగారి పక్షమే.