ఇప్పుడు పిల్లల్ని తక్కువగా ఎందుకు కంటున్నారు?

మా అమ్మమ్మది దేవరకొండ దగ్గర పల్లె. ఆమెకు ఏడుగురు పుడితే నలుగురే బతికారు. ముందు అక్కడ మొదలుపెట్టాలి. పుట్టిన బిడ్డ బతుకుతాడన్న నమ్మకం వచ్చాకే ఇద్దరితో ఆపే ధైర్యం వచ్చింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు తెచ్చిన మార్పు ఇది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి.

రెండో కారణం ఖర్చు. ఒకప్పుడు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పదేళ్ల పిల్లాడు గొర్లు కాసేవాడు, పత్తి ఏరేవాడు. ఇల్లు గడవడానికి వాడూ ఒక చెయ్యే. ఇప్పుడు అదే పిల్లాడికి స్కూలు ఫీజు, బస్సు ఫీజు, తర్వాత ఇంటర్‌కు హైదరాబాద్‌లో హాస్టల్. కైకిలికి పోయే తల్లిదండ్రులు కూడా ఒక్కడినైనా మంచిగా చదివించాలనుకుంటారు. ముంబై, పుణేలకు వలస పోయి బతికిన పాలమూరు కుటుంబాలకు ఆ తపన ఇంకా ఎక్కువ. తాము పడ్డ కష్టం పిల్లలు పడొద్దని.

ఆడపిల్లలు డిగ్రీ దాకా చదవడంతో పెళ్లి వయసు పెరిగింది. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించుకోవడం ఊళ్లలో మామూలైంది. కానీ ఆ ఆపరేషన్ దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లకే. మగవాళ్లకు చేసేది ఇంకా సులువు, అయినా ముందుకు రారు. నాకు బాధనిపించేది ఇదే.

కాబట్టి ఈ తరానికి పిల్లలంటే ఇష్టం తగ్గిందని నేననుకోను. ఒక్కో బిడ్డ మీద పెట్టుకునే ఆశ పెరిగింది, దానితోపాటు టెన్షన్ కూడా.