ముక్కు గ్రంథుల మీద థీసిస్ తీసుకున్నావట

అమ్మడూ,

నీ ఎండీ థీసిస్ ముక్కు గ్రంథుల మీదని, అదీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాను, రాత్రయితే మాత్రం నిద్ర పట్టడం లేదు. జలుబు చేస్తే కారేదాని మీద కూడా థీసిస్సా అని మీ పెద్దమ్మ నవ్వింది, నవ్వనీ.

ఎథిక్స్ కమిటీ, రోగి సంతకం, ఇవన్నీ నీకు తెలిసినవే. నా టెన్షన్ అంతా మొదటి ఐదు నిమిషాల గురించే. టర్బినేట్ (ముక్కు లోపలి పక్క మడత) ఆపరేషన్‌లో కాటరీ, అదే కాల్చే పరికరం, తగలకముందే ముక్క అడిగి తీసుకో. థియేటర్ గుమ్మం దగ్గరే కొత్త బ్లేడుతో మిల్లీమీటరు ముక్కలు చేసి, చల్లటి 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో, అదే కణాల్ని ఉన్నదున్నట్టు నిలిపే ఫిక్సేటివ్‌లో, వేసెయ్.

మా ల్యాబ్‌కి ఒక పీజీ కుర్రాడు అలాంటి ముక్కనే సెలైన్ తడిపిన గుడ్డలో చుట్టి, మే నెల ఉక్కలో జగదాంబ ట్రాఫిక్‌లో ఆటోలో తెచ్చాడు, మధ్యలో ఆగి భోజనం కూడా చేశాడట. తీరా చూస్తే మైటోకాండ్రియా ఉబ్బి లోపలి మడతలు చెదిరిపోయాయి. నీళ్లలాంటి స్రావమిచ్చే సీరస్ కణంలో రేణువులు నల్లగా, గుండ్రంగా, దేనికది విడిగా ఉండాలి, క్రిముల్ని అడ్డుకునే లైసోజైమ్, లాక్టోఫెరిన్ ఉండేది వాటిలోనే, కింద న్యూక్లియస్ చుట్టూ ప్రొటీన్లు తయారుచేసే రఫ్ ఈఆర్ పొరలు పొరలుగా కనిపించాలి. అవన్నీ మసకే. జిగురు తయారుచేసే మ్యూకస్ కణాల్లో లేత రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ అబ్బాయి దాన్ని రోగ లక్షణమని రాసేశాడు! మ్యూకస్ రేణువులు మామూలు ఫిక్సేషన్‌లో కూడా ఉబ్బి కలుస్తాయమ్మా, రోగానికి దాంతో ఏం పని?

పుస్తకాల్లో మ్యూకస్ కణాల వెనక టోపీలా గీసే సీరస్ అర్ధచంద్రాన్నీ గుడ్డిగా నమ్మకు. లాలాజల గ్రంథుల్ని క్షణంలో గడ్డకట్టించి చూసినప్పుడు సీరస్ కణాలు మ్యూకస్ కణాల పక్కనే వరసలో కనిపించాయి, ఉబ్బిన మ్యూకస్ కణాలే వాటిని వెనక్కి నెట్టేస్తాయన్నమాట. ముక్కులో నీకేం కనిపిస్తే అదే రాయి.

ఫిక్సేషన్‌కి వాడే ఆస్మియం సీసా ఫ్యూమ్ హుడ్ (ఆవిరి లాగేసే పెట్టె) బయట తెరిచావని తెలిసిందో, నేనే వచ్చి తలుపుకి తాళం వేస్తాను. దాని ఆవిరి కంటి కార్నియాని పాడుచేస్తుంది తల్లీ, నీ కళ్లు నాకు థీసిస్ కంటే ఎక్కువ. రంగు పట్టించే లెడ్ సిట్రేట్ దగ్గర ఊపిరి వదలకు, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నల్ల చుక్కలు పడతాయి.

గురువారం ఆపరేషన్ లిస్టట కదా, బుధవారం రాత్రే ఫిక్సేటివ్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకో. ఫొటోలు వాట్సాప్‌లో పంపు, మాగ్నిఫికేషన్ రాయకపోతే చూడను.

మీ పెదనాన్న