హెపటైటిస్ బి పాజిటివ్ వస్తే నేల ఉసిరి పసరు పనిచేస్తుందా? – సమాధానం

రక్తదానానికి వెళ్తే మీ తమ్ముడికి హెపటైటిస్ బి బయటపడిందని, పెద్దవాళ్లు నేల ఉసిరి పసరు తాగిస్తామంటున్నారని రాశారు. మీ టెన్షన్ అర్థమవుతోంది, కానీ పసరును నమ్ముకుని కూర్చోకండి. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1988లో మద్రాసు పరిశోధనలో ఈ మొక్క పొడి వాడిన 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈ వైరస్‌ను కనుగొన్న బ్లంబర్గ్ కూడా అందులో ఉన్నారు. అయితే తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.

ముందు రక్తంలో వైరస్ ఎంత ఉందో చూపే హెచ్‌బీవీ డీఎన్‌ఏ, లివర్ దెబ్బతింటోందేమో చెప్పే ఏఎల్‌టీ పరీక్షలు, లివర్ స్కానింగ్ చేయించండి. అందరికీ వెంటనే మందు అక్కర్లేదు. అవసరమైతే టెనోఫోవిర్ లాంటి మాత్ర రోజూ ఒకటి ఇస్తారు. డాక్టర్ చెప్పకుండా మధ్యలో ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతినొచ్చు, ఇది తమ్ముడికి గట్టిగా చెప్పండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం.

మరదలికి, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. నెగెటివ్ వచ్చి, ఇంతకుముందు టీకా పడకపోతే మూడు డోసులు వేయించాలి. దయచేసి అతని కంచం, గ్లాసు వేరు చేయకండి, కలిసి తింటే ఇది అంటదు. రేజరు, బ్రష్ మాత్రం వేరుగా ఉంచండి.